తెలుగు మాధ్యమం నుంచి ఎం.ఏ.కు వచ్చాను: గంటలకొద్దీ చదువుతున్నా విషయం నిలవడం లేదు

ప్రశ్న: మొదటి ఏడాది విద్యార్థిని, విద్యానగర్

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదువుకుని, ఈ ఏడాది హైదరాబాద్‌లో ఎం.ఏ. అర్థశాస్త్రంలో చేరాను. డిగ్రీలో మంచి మార్కులే వచ్చాయి, ఆ శాస్త్రం మీద ఇష్టంతోనే ఈ కోర్సు ఎంచుకున్నాను. ఇక్కడ మాత్రం వారానికి నాలుగైదు అధ్యాయాలు, వాటితోపాటు ఒకటో రెండో పరిశోధన పత్రాలు ముందే చదివి తరగతికి రమ్మంటున్నారు. అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి.

పది పేజీలు చదవడానికి నాకు మూడు గంటలు పడుతోంది. తెలియని ప్రతి పదానికీ ఫోన్‌లో నిఘంటువు చూసి, దాని అర్థాన్ని పెన్సిల్‌తో పదం మీద రాసుకుంటాను. ముఖ్యమనిపించిన వాక్యాల కింద గీతలు గీస్తాను. పేజీ పూర్తయ్యేసరికి గీత పడని వాక్యాలే తక్కువగా కనిపిస్తాయి. ఇంత చేసినా మర్నాడు తరగతిలో ఈ రచయిత వాదన ఏమిటని అడిగితే నాకు నోరు పెగలడం లేదు.

పోయిన వారం ఇంకో పొరపాటు జరిగింది. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయని ఆ పత్రంలో చదివినట్టు గుర్తుండి, రచయిత అభిప్రాయం అదేనని తరగతిలో చెప్పాను. తీరా చూస్తే, ఆ వాదన సరికాదని చూపించడానికే ఆయన ఆ పత్రం రాశారు. నేను ఒక్కో వాక్యాన్నీ అర్థం చేసుకున్నాననే అనుకున్నాను, అయినా మొత్తం వ్యతిరేకంగా ఎలా అర్థమైందో నాకు తెలియడం లేదు.

హాస్టల్‌లో ఒక స్నేహితురాలు వేగంగా చదవడం నేర్పే తరగతులు అమీర్‌పేటలో ఉన్నాయని, చేరమని చెబుతోంది. వాటివల్ల ఉపయోగం ఉంటుందా? డిగ్రీలో చదివిన తెలుగు పుస్తకాలను మళ్లీ తీయడం వెనక్కి పోవడం అవుతుందా? ఈ దారి నడిచినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, నల్లకుంట

అమ్మా, మీ ఇబ్బందిలో ఇంగ్లీషు వాటా మీరు అనుకుంటున్నంత పెద్దది కాదు. ముప్పై ఏళ్లపాటు నేను అర్థశాస్త్రం పాఠం చెప్పాను. కాన్వెంటులో చదివి వచ్చిన పిల్లలు కూడా "చదివాను సార్, కానీ చెప్పలేను" అనే మాటతోనే నా గదికి వచ్చేవారు.

బడిలో మనం పద్యం ఎలా చదువుకున్నామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పదాలు విడదీసి, అన్వయక్రమంలో పెట్టి, ప్రతిపదార్థం రాసి, ఆ తర్వాత తాత్పర్యం రాసేవాళ్లం. పద్యానికి నాలుగు పాదాలే కాబట్టి ఆ వరుస చక్కగా సరిపోయింది. ఇప్పుడు మీరు ముప్పై పేజీల అధ్యాయానికి ప్రతిపదార్థం రాస్తున్నారు. తాత్పర్యం దగ్గరకు వచ్చేసరికి మీ ఓపికా, రాత్రీ రెండూ అయిపోతున్నాయి. శాస్త్ర గ్రంథానికి ఆ వరుసను తిరగేయాలి. మొదట తాత్పర్యం ఊహించండి, తర్వాత అన్వయం చూడండి, నిజంగా అవసరమైన చోట మాత్రమే ప్రతిపదార్థానికి దిగండి.

తాత్పర్యం ఊహించడం అంటే ఏమిటో వివరంగా చెబుతాను. అధ్యాయం చేతికి రాగానే మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టకండి. శీర్షిక, ఉపశీర్షికలు, మొదటి రెండు మూడు పేరాలు, చివరి రెండు పేరాలు, పటాల కింద ఉన్న వివరణలు, ఇంతవరకే ఓ పావుగంట చూడండి. ఆ తర్వాత కాగితం తీసుకుని, ఈయన ఏ ప్రశ్నకు జవాబు చెప్పబోతున్నాడు, బహుశా ఏం చెబుతాడు అన్నవాటికి రెండే రెండు వాక్యాలు మీ సొంత తెలుగులో రాయండి. మీ ఊహ తప్పయినా నష్టం లేదు. ఊహతో వెళ్లినవారికి అది ఎక్కడ తప్పిందో చదువుతుండగానే తెలుస్తుంది, ఏ ఊహా లేకుండా వెళ్లినవారికి ప్రతి వాక్యమూ ఒకే బరువుతో కనిపిస్తుంది. మీ పేజీ నిండా గీతలు పడటానికి కారణం అదే.

ఇక అన్వయం. తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది కాబట్టి తీర్పు కోసం వాక్యం చివరిదాకా ఆగడం మనకు అలవాటు. ఇంగ్లీషు శాస్త్ర వాక్యంలో కర్తకే నాలుగైదు విశేషణాలు, ఒక ఉపవాక్యం తగిలించి, నడుమ ఎక్కడో క్రియను పెట్టి, ఆ తర్వాత షరతులూ మినహాయింపులూ చేరుస్తారు. వాక్యం మూడు పంక్తులు దాటితే ముందు దాని కర్తను, క్రియను వెతికి పట్టుకోండి. ఎవరు, ఏం చేశారు అన్న రెండు మాటలు చేతికి వస్తే మిగతా భాగమంతా ఆ రెండింటికీ వేలాడే సామగ్రి అని తెలిసిపోతుంది. ఒక్క నెలరోజులు రోజుకు ఐదు వాక్యాలకు ఇలా చేయండి, తర్వాత కన్ను తనంతట తానే వెతుక్కుంటుంది.

తరగతిలో జరిగిన పొరపాటు గురించి మీరు సిగ్గుపడనక్కర లేదు, అది చాలా విలువైన పొరపాటు. మన శాస్త్ర గ్రంథాలలో ముందు పూర్వపక్షం చెబుతారు, అంటే ఎదుటివాడి వాదాన్ని అతని తరఫున నిజాయితీగా వినిపిస్తారు. ఆ పైన ఖండన, ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే రచయిత సొంత తీర్పు. మీరు చదివినటువంటి పత్రాలూ ఇదే పద్ధతిలో నడుస్తాయి. కనీస వేతనాల మీద ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు అక్కడా, పక్కనే ఉన్న పెన్సిల్వేనియా తూర్పు భాగంలోనూ 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందూ తర్వాతా పరిశీలించి, ఉద్యోగాలు తగ్గిన దాఖలా లేదని 1994లో ప్రచురించారు. అటువంటి పత్రం ఏది చదివినా మొదట కనిపించేది పోటీ మార్కెట్ నమూనా ప్రకారం వేతనం పెరిగితే ఉపాధి తగ్గాలనే పాత సూత్రమే. అది పూర్వపక్షం. అక్కడే ఆగిపోయినవారు మీలాగే చెబుతారు. కాబట్టి మార్జిన్‌లో అర్థాలు రాయడం మాని, పేరా పక్కన "పూ" అనో "సి" అనో ఒక్క అక్షరం రాయండి. "సాధారణంగా భావించేదేమిటంటే", "కొందరి వాదన ప్రకారం" అనే అర్థమిచ్చే మాటలతో మొదలైతే అది దాదాపుగా పూర్వపక్షమే. "హవెవర్", "యెట్", "నెవర్దలెస్" అన్న మాటలు కనబడితే అక్కడ దారి మలుపు తిరుగుతోందని అర్థం. ఈ చిన్న మాటల మీదే వాదమంతా తిరుగుతుంది, మీరేమో వాటిని తెలిసిన పదాలే కదా అని దాటేసి పెద్ద పదాలకు నిఘంటువు వెతుకుతున్నారు.

తెలుగు పుస్తకాల సంగతి. వాటిని తీయడం వెనక్కి పోవడం ఎంతమాత్రం కాదు. "వ్యాకోచత్వం" మీకు క్షుణ్ణంగా వచ్చు. ఉల్లిగడ్డ ధర రెట్టింపైనా ఇంట్లో కొనడం సగానికి తగ్గదని, కాబట్టి దాని డిమాండ్ వ్యాకోచత్వం తక్కువని మీరు నిద్రలో అడిగినా చెబుతారు. "ఎలాస్టిసిటీ" అని కనిపించగానే అది కొత్త విషయమని భయపడుతున్నారు. ఉపాంతం అంటే మార్జినల్, ఉదాసీనతా వక్రరేఖ అంటే ఇన్‌డిఫరెన్స్ కర్వ్. ఒక నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండుగా మడిచి ఇలాంటి జంటలు రాసుకోండి, ఒక సెమిస్టర్‌కు రెండు మూడు వందలకు మించవు. కొత్త అధ్యాయం మొదలుపెట్టే ముందు రోజు, అదే విషయం మీద మీ డిగ్రీ పుస్తకంలో ఉన్న భాగాన్ని అరగంట చదవండి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఆ పాఠ్యపుస్తకాలు వేసిందే మీవంటివారు శాస్త్రాన్ని సొంత భాషలో పట్టుకోవాలని. ఈ నగరానికి ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైనప్పుడు, పాఠ్యగ్రంథాల అనువాదం కోసం అంతకు ముందు ఏడాదే ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థను నెలకొల్పారు. ఏ భాషలో ఆలోచిస్తే విషయం లోపలికి దిగుతుందన్నది నూరేళ్లకు పైగా ఇక్కడ విద్యార్థులు ఎదుర్కొంటున్న ప్రశ్న.

సమాధానం: పరిశోధక విద్యార్థి, గచ్చిబౌలి

పెద్దలు చెప్పినదానితో ఏకీభవిస్తూ, అమీర్‌పేట తరగతుల గురించి అడిగారు కాబట్టి ఆ విషయం నేను చెబుతాను. దయచేసి ఆ డబ్బు దాచుకోండి. మనం చదివేటప్పుడు కన్ను పంక్తి మీద జారుతూ పోదు. చిన్న చిన్న గంతులు వేస్తూ, ఒక్కో చోట సెకనులో నాలుగో వంతు సేపు ఆగుతుంది. స్పష్టంగా కనిపించేది ఆ ఆగినచోట ఉన్న కొద్ది అక్షరాలే. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దలే మౌనంగా చదివినప్పుడు సగటున నిమిషానికి 240 పదాల దరిదాపుల్లో ఉంటారు. నిమిషానికి వెయ్యి, రెండు వేల పదాలు చదివిస్తామనే ప్రచారాన్ని కీత్ రేనర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన సమీక్షలో శ్రద్ధగా పరిశీలించారు. వేగం పెరిగితే అవగాహన తగ్గక తప్పదని, వేగం నిజంగా పెరగాలంటే భాష మీదా విషయం మీదా పట్టు పెరగాలని వారు తేల్చారు. అంటే మీ జంటపదాల నోట్‌బుక్కే మీకు వేగం నేర్పే తరగతి.

మీ పద్ధతిలో నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించింది వేరే ఉంది. మీరు చదివిన తర్వాత పుస్తకం మూయడం లేదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థులకు చిన్న గద్య భాగాలు ఇచ్చి, కొందరిచేత వాటినే మళ్లీ చదివించారు, మరికొందరిచేత కాగితం పక్కన పెట్టించి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారిదే పైచేయి అయింది. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవారు స్పష్టంగా ముందున్నారు. చదివిన మర్నాడు మీకు కలుగుతున్న ఆశ్చర్యానికి సమాధానం ఇందులోనే ఉందని నా నమ్మకం. పేజీ కళ్లముందు ఉన్నంతసేపు అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, ఆ తెలిసినట్టు అనిపించడాన్నే మనం నేర్చుకోవడం అనుకుంటాం.

కాబట్టి ప్రతి ఉపశీర్షిక దగ్గరా ఆగి, పుస్తకం మూసి, అప్పటిదాకా ఏం చెప్పారో మూడు నాలుగు వాక్యాలు రాయండి. రానిచోట ఖాళీ వదలండి. తెరిచి చూసి ఆ ఖాళీని మరో రంగు సిరాతో నింపండి. మొదట్లో ఇది చాలా బాధగా ఉంటుంది. నేను ఎం.ఏ.లో ఉన్నప్పుడు మొదటి పదిహేను రోజులు నా కాగితం మీద ఖాళీలే ఎక్కువగా ఉండేవి, ఒకరోజు ఏడ్చాను కూడా. ఆ ఖాళీలు మన తెలివితక్కువతనానికి గుర్తులని అప్పట్లో అనుకున్నాను. మళ్లీ ఎక్కడ చదవాలో చూపించేవి అవేనని ఇప్పుడు మా జూనియర్లకు చెబుతున్నాను.

నిఘంటువు విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకోండి. మొదటిసారి చదివేటప్పుడు అసలు తెరవకండి, తెలియని పదం పక్కన చుక్క మాత్రం పెట్టండి. అదే పదం ఆ అధ్యాయంలో మూడోసారి ఎదురైతే, లేదా అది తెలియకపోతే కర్తో క్రియో దొరకకపోతే, అప్పుడు చూడండి. అవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషావేత్త 2000లో విశ్వవిద్యాలయ గ్రంథాలలో పదే పదే వచ్చే పదాలను గణించి 570 పదకుటుంబాల జాబితా తయారు చేశారు. అటువంటి గ్రంథాలలో సుమారు పదో వంతు పదాలు ఆ జాబితాలోవే. అస్యూమ్, డిరైవ్, కాన్‌స్టంట్, వేరియబుల్ వంటి మాటలవి. రోజుకు ఐదు చొప్పున నేర్చుకున్నా నాలుగు నెలల్లో పూర్తవుతాయి.

పరిశోధన పత్రాన్ని అధ్యాయంలా వరుసగా చదవవద్దు. ముందు సంక్షిప్తం, పీఠిక, ముగింపు చదివి ఆగండి. తరగతికి అంతే చాలనిపిస్తే అక్కడితో వదిలేయవచ్చు, అందులో తప్పు లేదు. చర్చ ఆ పత్రం మీదే నడవబోతుంటే రెండోసారి దత్తాంశం (డేటా) ఎక్కడిది, పోలిక దేనికీ దేనికీ మధ్య అన్నవి చూడండి. గణిత నిరూపణల్లోకి దిగడం మూడోసారి పని. దానికి అర్హమైన పత్రాలు సెమిస్టర్‌కు మూడో నాలుగో ఉంటాయి.

సమాధానం: పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్

ఒక విషయంలో నాది భిన్నాభిప్రాయం. సారాంశం తెలుగులో రాయమని పెద్దలు చెప్పారు. నేనూ తెలుగు మాధ్యమం వాడినే, ఎం.ఏ. మొదటి సెమిస్టర్ అంతా అలాగే రాశాను. విషయం బాగా పట్టుబడింది గానీ, పరీక్ష హాల్లో మూడు గంటలపాటు ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేసరికి తెలిసిన విషయమే చేతికి రాలేదు. అందువల్ల మొదటి నెల తెలుగులో రాసినా, రెండో నెల నుంచి అదే కాగితం కింద రెండు వాక్యాలైనా ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టండి. గీతలు గీయడం పూర్తిగా మానక్కర లేదని కూడా నా అనుభవం. మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ చేతిలో ఉండకూడదు, రెండోసారి మాత్రం పేజీకి ఒక్క గీత చొప్పున అనుమతించుకోండి. ఏ వాక్యం కింద గీయాలన్న నిర్ణయం కోసమే మనం ఆలోచిస్తాం.

సమాధానం: గ్రంథాలయ ఉద్యోగిని, చిక్కడపల్లి

మా పఠన మందిరంలో ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చునే పిల్లలను ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి రెండు మాటలు చెబుతాను. చాలామంది జిరాక్స్ తీసిన అధ్యాయాన్ని మాత్రమే చదువుతారు, ఆ పుస్తకాన్ని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోరు. విషయసూచిక, ముందుమాట, చివరన ఉండే పదసూచిక జిరాక్స్‌లో రావు. ఆ అధ్యాయానికి ముందు ఏముంది, తర్వాత ఏముంది అన్నది చూస్తే సగం అయోమయం తీరుతుంది. పదసూచికలో "వేజెస్" అన్న మాట ఎదురుగా ఉన్న పేజీలన్నీ తిరగేస్తే, ఆ రచయిత కనీస వేతనం గురించి ఇంకెక్కడెక్కడ ఏమన్నారో పది నిమిషాల్లో దొరుకుతుంది.

పుస్తకం కొనే స్తోమత లేకపోతే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారులో వెతకండి. మౌలిక సూత్రాలకు పాత ముద్రణ అయినా సరిపోతుంది. యూజీసీ వారి ఈ-పీజీ పాఠశాల వెబ్‌సైట్‌లో అర్థశాస్త్రం పాఠాలు ఉచితంగా ఉన్నాయి. కష్టమైన అధ్యాయానికి ముందు వాటిని చదివితే నేల కొంత చదును అవుతుంది. ఫోన్ తెర మీద పీడీఎఫ్ చదవడం తగ్గించుకోగలిగితే తగ్గించండి. కాగితం మీద చదివినవారికి, ముఖ్యంగా సమయం తక్కువగా ఉన్నప్పుడు, సమాచార గ్రంథాల అవగాహన మెరుగ్గా ఉంటోందని 2018లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన తెలిపింది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని, మూడు వారాల తర్వాత

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, చేసి చూశాక రాద్దామని ఆగాను. అమీర్‌పేట తరగతుల్లో చేరలేదు. మొదటి వారం ఊహ వాక్యాలు రాయడానికే చెయ్యి ఆడలేదు, ఎందుకంటే తప్పు రాస్తానేమోనన్న భయం నాకు బడి నుంచీ ఉంది. ఎవరికీ చూపించక్కర లేదని నాకు నేను చెప్పుకున్నాక సులువైంది. అదే కనీస వేతనాల పత్రాన్ని మళ్లీ తీసి "పూ", "సి" అని గుర్తులు పెట్టాను. మొదటి నాలుగు పేజీలలో మూడు పేజీలు "పూ" అయ్యాయి. నేను ఎక్కడ మునిగిపోయానో కళ్లకు కట్టినట్టు కనిపించింది.

ఇప్పుడు పది పేజీలకు రెండు గంటలు పడుతోంది. అందులో అరగంట పుస్తకం మూసి రాయడానికే పోతోంది కాబట్టి వేగం పెద్దగా పెరిగిందని చెప్పలేను. కానీ నిన్న తరగతిలో అధ్యాపకులు అడిగినప్పుడు, రచయిత ఎవరితో వాదిస్తున్నాడో, చివరకు ఏమన్నాడో రెండు వాక్యాల్లో చెప్పగలిగాను. మొదటి వాక్యం తెలుగులోనే వచ్చేసింది, రెండోది ఇంగ్లీషులో చెప్పాను. అశోక్‌నగర్ అన్నయ్య చెప్పినట్టు వచ్చే నెల నుంచి కింద రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాస్తాను.

ఇంకొక సందేహం మిగిలింది. పత్రాలలో వచ్చే పట్టికల దగ్గర నాకు ఇప్పటికీ కాళ్లు ఆడవు. వాటిని దాటేసి కింద రాసిన వివరణ మాత్రమే చదువుతున్నాను. అది సరైనదేనా?

సమాధానం: పరిశోధక విద్యార్థి, గచ్చిబౌలి

సంతోషంగా ఉంది. పట్టికను దాటేయవద్దు, అలాగని అందులోని అన్ని అంకెలనూ చూడవద్దు. ముందు పట్టిక శీర్షిక చదివి, ఇది ఏ ప్రశ్నకు జవాబో ఒక వాక్యం అనుకోండి. తర్వాత నిలువు వరుసల పేర్లు, అడ్డ వరుసల పేర్లు, అంకెల కొలమానం చూడండి. కోట్లలో ఉన్నాయా, శాతాలలో ఉన్నాయా అన్నది చూడకుండా ముందుకు పోతే మొత్తం తారుమారవుతుంది. ఆ పైన, రచయిత వాదానికి ప్రాణమైన గడి ఒకటో రెండో ఉంటాయి, వాటినే వెతకండి. న్యూజెర్సీ వంటి పత్రంలో అయితే పెంపుకు ముందు ఉపాధి ఎంత, తర్వాత ఎంత, పక్క రాష్ట్రంలో అదే కాలంలో ఎంత మారింది, ఈ రెండు మార్పుల మధ్య తేడా ఎంత అన్నదే అసలు గడి. దాన్ని చూసి, కింది వివరణ చదవకముందే మీరే ఒక వాక్యం రాయండి. ఆ తర్వాత రచయిత వాక్యంతో పోల్చి చూడండి. రెండూ కలవకపోతే మీదే తప్పని వెంటనే అనుకోవద్దు. ఆ కాగితాన్ని తరగతికి తీసుకెళ్లి అధ్యాపకులను అడగండి.